సంతాననిరోధపు మాత్ర: దాని గుణదోషముల చరిత్రము

ఔషధము సాధారణముగా రోగికొఱకు పుట్టును. రోగమేమియు లేని స్త్రీ యేండ్లతరబడి ప్రతిదినమును మింగవలసిన మందు సంతాననిరోధపు మాత్ర. కావున దాని మేలును కీడును తూచుటలో తక్కిన మందులకంటె నెక్కువ జాగ్రత్త యావశ్యకము. ఆ జాగ్రత్త వైద్యులకు తమంతట తామే కలిగినదా, లేక స్త్రీలు పోరి తెచ్చుకొనిరా యనునది విచారింపదగిన విషయము.

అమెరికాదేశమున మార్గరెట్ సాంగర్ తల్లి పదునొకండుగురు బిడ్డలను కని క్షయవ్యాధిచే మరణించెను. సాంగర్ నర్సుగా పనిచేసి, పేదస్త్రీల బాధలను చూచి, 1916లో బ్రూక్లిన్‌లో సంతాననిరోధ వైద్యశాలను తెఱచి చెఱసాల పాలయ్యెను. 1935లో నామె వార్ధాకు వచ్చి గాంధీమహాత్మునితో వాదించెను. నిగ్రహమే మార్గమని యాయన. సంసారముల యందది సాగదని యామె. ఏకాభిప్రాయము కుదరలేదు. 1951లో సాంగర్, గ్రెగరీ పింకస్ అను శాస్త్రజ్ఞుని కలిసికొని మ్రింగుటకు వీలైన మందును కోరెను. కాథరిన్ మెకార్మిక్ అను ధనవంతురాలు ద్రవ్యమిచ్చెను. మెక్సికో అడవిదుంపలనుండి ప్రోజెస్టెరోనును చౌకగా చేయు విధమును రస్సెల్ మార్కర్ అంతకుముందే కనిపెట్టియుండెను.

ప్రోజెస్టెరోనును బోలిన పదార్థమును ఈస్ట్రోజెనును కలిపి యిచ్చినచో పీయూషగ్రంథి యండాశయమును ప్రేరేపింపదు. అండము విడుదల కాదు. గర్భాశయ ముఖమునందలి జిగురు చిక్కబడి వీర్యకణముల నాపును. ఇదియే మాత్ర పనిచేయు తీరు.

మాసచూసెట్స్ రాష్ట్రమున సంతాననిరోధము చట్టవిరుద్ధమగుటచే, విస్తృతమైన పరీక్ష 1956లో పోర్టోరికో ద్వీపమునందలి రియో పియెద్రాస్‌లో ప్రారంభమయ్యెను. మాత్ర గర్భము నాపునని యచ్చటి పేదస్త్రీలకు చెప్పిరి. ఇది పరీక్ష యని చెప్పలేదు. నూటికి పదునేడుగురు తలత్రిప్పు, వికారము, తలనొప్పి మొదలగువానితో బాధపడిరి. పరీక్షను నడిపిన డాక్టరు ఎడ్రిస్ రైస్-రే, మాత్ర గర్భమును తప్పక నాపుచున్నను, దుష్ఫలితములు మితిమీరియున్నవని తెలిపెను. పింకస్ వానిలో ననేకము మనోభ్రమలని త్రోసివేసెను.

ఎనోవిడ్ అను నామాత్రకు 1957లో ఋతుదోషముల నిమిత్తమును, 1960లో సంతాననిరోధము నిమిత్తమును అమెరికాలో ననుమతి లభించెను. మరుసటి యేడే మాత్ర వాడినయామె ఊపిరితిత్తులలో రక్తపుగడ్డ చిక్కుకొనిన వృత్తాంత మింగ్లండు వైద్యపత్రికలో వెలువడెను. ఈ సంబంధమును 1968లో బ్రిటిషు వైద్యులు లెక్కలతో స్థిరపఱచిరి. 1969లో బార్బరా సీమన్ ఈ యపాయములపై గ్రంథము వ్రాసెను. దానిఫలితముగా 1970 జనవరిలో సెనేటరు గేలార్డ్ నెల్సన్ విచారణ జరపెను. మాత్ర మింగిన స్త్రీ నొక్కతెనైనను సాక్ష్యమునకు పిలువలేదు! ఆలిస్ వుల్ఫ్‌సన్ మొదలగు యువతులు సభలో లేచి నిలిచి ప్రశ్నించిరి. ఆ యేడే ప్రతి మాత్రలపెట్టెలోను అపాయసూచనల కాగిత ముంచవలెనని శాసించిరి. మోతాదును తగ్గించిరి. తొలి ఎనోవిడ్‌లో ఈస్ట్రోజెను 150 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వ మిచ్చు మాలా-ఎన్ మాత్రలో నట్టిది 30 మాత్రమే.

నేటి లెక్క యేమి? ఏడాదికి పదివేలమంది స్త్రీలలో, మాత్ర వాడనివారిలో ఒకరు మొదలైదుగురికి సిరలలో రక్తము గడ్డకట్టును. వాడువారిలో ముగ్గురు మొదలు తొమ్మండుగురికి. గర్భవతులలో నైదుగురు మొదలిరువదిమందికి. అనగా మాత్ర యపాయమును పెంచునది నిజము. గర్భమంతకంటె నెక్కువ పెంచుననుటయు నిజము. రొమ్ముక్యాన్సరు ముప్పు కొంచెము పెరిగి, మానిన కొన్ని యేండ్లకు తగ్గును. అండాశయ, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు తగ్గి, ఆ రక్షణ మానినతరువాతను చిరకాలము నిలుచును. ఋతుస్రావమును, దాని నొప్పియు, రక్తహీనతయు తగ్గును. క్రమము తప్పక మింగినచో నేడాదికి నూర్గురిలో నొకరికైనను గర్భము రాదు. మఱచుచు మింగినచో సుమా రేడుగురికి వచ్చును.

అందఱకును ఇది తగదు. ముప్పదియైదేండ్లు దాటి పొగత్రాగువారు, రక్తపుపోటు గలవారు, పూర్వము గడ్డకట్టినవారు, కండ్లముందు మెఱుపులతో వచ్చు పార్శ్వపునొప్పి గలవారు, ఆరువారములు నిండని బాలింతలు దీనిని ముట్టరాదు. క్షయకిచ్చు రిఫాంపిసిన్ దీని శక్తిని తగ్గించును.

తెలుగునాట సంతాననిరోధ మన్న నెక్కువగా స్త్రీల శస్త్రచికిత్సయే. మాలా-ఎన్ మాత్రలను ఆశా కార్యకర్త లింటికి తెచ్చుట కలదు. ఇరువదియొక్క మాత్రలును, ఏడు ఇనుపధాతువు మాత్రలును గల యాపట్టీ నందించుటతో పని ముగియలేదు. రక్తపుపోటు చూచితిరా? తలనొప్పి యెట్టిదని యడిగితిరా? కాలు వాచిన నేమిచేయవలెనో చెప్పితిరా? పోర్టోరికో స్త్రీల కిట్టి మాటలు చెప్పలేదు. మన యక్కచెల్లెండ్ర కవి తెలుగులో, వినునట్లు, మాత్రకు ముందు చెప్పవలెను. వినిన పిమ్మట మింగుటయు మానుటయు వారి యిష్టము.