బాటమీది తగవు: పాదచారియు సైకిలువాడును

గ్రామపు లెక్కలలో బాటకు పట్టాదారు ఉండడు. అది పోరంబోకు. ఏ యొక్కనికిని చెందనిది గావుననే అందరికిని చెందినది. అట్టి బాటమీద ఎవరు ముందు పోవలెను, ఎవరు ఒదిగి నిలువవలెను అను ప్రశ్న బండి పుట్టిన నాటినుండియు కలదు. మన ధర్మశాస్త్రకారులు దీనిని అల్పవిషయముగా నెంచలేదు. మనుస్మృతి రెండవ అధ్యాయమున బండిలో పోవువానికిని, తొంబది యేండ్లు దాటిన వృద్ధునకును, రోగికిని, బరువు మోయువానికిని, స్త్రీకిని, స్నాతకునకును, రాజునకును, పెండ్లికుమారునకును దారి యియ్యవలెనని విధింపబడియున్నది. వృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి దారి యిచ్చుట దయ. బండికి దారి యిచ్చుట వేరొక న్యాయము. బండిని చప్పున నిలుపుటయు, ప్రక్కకు తిప్పుటయు కష్టము. చక్రము గలవానికి దారి విడుచుట, బలము లేనివానికి దారి విడుచుట అను నీ రెండు న్యాయములకు నడుమ నలిగినదే సైకిలు యొక్క రెండువందల యేండ్ల చరిత్ర.

క్రీ.శ. 1817 వ సంవత్సరము జూన్ 12 వ తేదీన జర్మనీదేశమందలి మాన్‌హైం పట్టణమునుండి కార్ల్ డ్రైస్ అను అటవీశాఖోద్యోగి కొయ్యతో చేసిన రెండు చక్రముల యంత్రముపై బయలుదేరెను. దానికి పెడళ్లు లేవు, గొలుసు లేదు. కూర్చుండి, కాళ్లతో నేలను తన్నుచు పోవలసినదే. అయినను నడకకంటె వేగముగా పోయెను. నేటి సైకిలునకు మూలపురుషుడు ఈ యంత్రమే. అది పుట్టినప్పుడే తగవును పుట్టినది. ఆనాటి రాజమార్గములు బండిచక్రముల చాళ్లతోను, గుంటలతోను, బురదతోను నిండియుండెను. సన్నని చక్రములపై నిలుకడగా పోవుటకు వీలైనది కాలిబాట యొక్కటియే. ఎక్కినవారెల్లరు కాలిబాట పట్టిరి. నడచువారు బెదరిరి. ఫలితముగా ఆ యంత్రము పుట్టిన మాన్‌హైం నగరముననే కాలిబాటపై దానిని నిషేధించిరి. 1819 లో అమెరికాలోని న్యూయార్కు నగరపాలకులును వీధులయందలి కాలిబాటలపైన, బహిరంగస్థలములందును దానిని నిషేధించుచు శాసనము చేసిరి. కొద్ది యేండ్లలోనే ఆ వినోదము అణగిపోయెను. పాలకులు బాటను బాగుచేయలేదు. చక్రమును మాత్రము తొలగించిరి.

ఇంగ్లండుదేశమున ఈ తగవు న్యాయస్థానముల కెక్కి, చట్టముల కెక్కి, నేటికిని నడచుచున్నది. 1835 నాటి రహదారుల చట్టము 72 వ సెక్షను ననుసరించి, పాదచారులకై ప్రత్యేకింపబడిన కాలిబాటపై గుఱ్ఱమునుగాని బండినిగాని నడుపుట నేరము. ఆనాటికి పెడళ్లు గల సైకిలు వాడుకలో లేదు. తరువాత వచ్చిన సైకిలు బండి యగునా, కాదా? 1879 లో ఒక వ్యాజ్యమున న్యాయమూర్తులు ఈ ప్రశ్నను విచారించి, జనులకు అపాయకరమగు వేగముతో తొక్కిన సైకిలును బండిగానే పరిగణింపవలెనని తీర్పు చెప్పిరి. 1888 నాటి స్థానికపాలనా చట్టము సైకిలు బండియేయని స్పష్టముగా ప్రకటించెను. ఆ చట్టము సైకిలువానికి రెండు విధులను నియమించినది: సూర్యాస్తమయమైన గంటకు దీపము వెలిగింపవలెను, ఎవరినైనను దాటిపోవునపుడు గంటతోగాని మఱియొక విధముగాగాని ముందుగా హెచ్చరింపవలెను. ఈ బరువుతో పాటు ఒక హక్కును లభించెను. బండియైనది గావున రాజమార్గముపై పోవుటకు సైకిలునకు తక్కిన బండ్లతో సమానాధికారము కలిగినది. హక్కును బాధ్యతయు ఒక్క వాక్యముననే పుట్టినవని చెప్పవచ్చును.

ఆ కాలముననే సైకిలు రూపమును మారినది. ముందు పెద్దచక్రము, వెనుక చిన్నచక్రము గల పాత యంత్రముపైనుండి తలక్రిందుగా పడి యెందరో గాయపడుచుండిరి. 1885 లో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములను దాదాపు సమానముగా చేసి, గొలుసుతో వెనుకచక్రము తిరుగునట్లు నిర్మించిన రోవర్ సైకిలును ప్రజల కందించెను. దానికి ‘భద్రమైన సైకిలు’ అనియే పేరు. 1888 లో డన్‌లప్ గాలిటైరును కనిపెట్టెను. రోడ్లను బాగుచేయుడని 1886 నుండి సంఘముగా ఏర్పడి ఆందోళన సలిపినవారును సైకిలువారే. వారు బాగుచేయించిన రోడ్లమీదనే కొంతకాలమునకు మోటారు వచ్చెను. నిన్నటివఱకు నడచువారిని బెదరించినవాడు ఆ దినమునుండి తానే బెదరవలసినవాడయ్యెను.

1930 నాటి చట్టము ఇంగ్లండులో కార్లకు గల వేగపరిమితిని ఎత్తివేసినది. మఱుచటి యేడు ‘హైవే కోడ్’ అను రోడ్డు నియమావళి ఒక పెన్నీ వెలకు ప్రకటింపబడెను. పుస్తకము వచ్చెను గాని ప్రాణములు దక్కలేదు. 1934 లో బ్రిటనులో రోడ్లపై 7,343 మంది మరణించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో లండను నగరపు పడమటనున్న వెస్టర్న్ ఎవెన్యూ ప్రక్కన సైకిళ్లకై ప్రత్యేకమైన బాటను ప్రారంభించిరి. సైకిలువారు సంతోషింతురని మంత్రి తలచెను. వారి సంఘము దానిని ప్రతిఘటించినది! ‘ఇపుడు ప్రక్కబాట నిచ్చుచున్నారు, రేపు పెద్దబాటనుండి వెళ్లగొట్టుదురు’ అని వారి భయము. వెనుక దీపము విషయమునను ఇదే వాదము జరిగెను. వెనుకనుండి వచ్చువాడే ముందున్నదానిని చూచి నడుపవలెను గాని, ముందు పోవువాడు తన్ను తాను కాపాడుకొనవలెననుట న్యాయము కాదని వారనిరి. వాదమున ధర్మమున్నది. అయినను చీకటిలో ధర్మము కనబడదు, దీపము కనబడును. యుద్ధకాలమున తప్పనిసరియైన వెనుక దీపమును 1945 లో శాశ్వతము చేసిరి.

శిక్ష మొదట వచ్చినది. శిక్షణ చాల యాలస్యముగా వచ్చినది. కాలిబాట చట్టము వచ్చిన నూరేండ్లకు తరువాతగాని పిల్లలకు సైకిలు నడత నేర్పవలెనని పాలకులకు తోచలేదు. ప్రమాదనివారణ సంఘమువారు 1947 లో సైకిలు పరీక్షలను ఆరంభింపగా, 1958 లో ప్రభుత్వసహాయముతో అవి దేశమంతట వ్యాపించెను. 2007 నుండి ఇంగ్లండులో ‘బైకబిలిటీ’ అను శిక్షణ నడచుచున్నది. అందు మూడు మెట్లు. మొదట వాహనములు రాని మైదానమున బ్రేకు వేయుట, మలుపు తిరుగుట, వెనుకకు చూచుచు తిన్నగా పోవుట. పిదప రద్దీలేని రోడ్డు. చివరకు రద్దీ రోడ్డు. కాలిబాటనుండి ఎంతయెడముగా పోవలెను, చేయి చాపి మలుపును ఎప్పుడు తెలుపవలెను, నిలిచియున్న లారీ ప్రక్కనుండి ఏల దూరరాదు అను విషయములు పిల్లలు పుస్తకమున గాక రోడ్డుమీదనే నేర్తురు.

శిక్షణ యున్నను భయము పోలేదు. 1999 లో కాలిబాటపై సైకిలు తొక్కినవానికి అక్కడికక్కడ జరిమానా విధించు పద్ధతి వచ్చినపుడు, ప్రభుత్వమే ఒక మాట సెలవిచ్చెను. రోడ్డుపై మోటార్లకు జడిసి, కాలిబాటపై ఇతరులకు హాని కలుగకుండ పోవువారిని పట్టుకొనుట దీని యుద్దేశము కాదనియు, పోలీసులు విచక్షణ చూపవలెననియు దాని సారాంశము. తగవు యొక్క మర్మమంతయు ఈ మాటలోనున్నది. సైకిలువాడు లారీభయమున కాలిబాట యెక్కును. అచ్చటి ముదుసలి సైకిలుభయమున గోడ కంటుకొని నిలుచును. భయము ఒకరినుండి మఱియొకరికి చేతులు మారుచున్నదేగాని తగ్గుటలేదు.

ఆ భయము ఉత్తది కాదు. 2016 ఫిబ్రవరిలో లండనులో రోడ్డు దాటుచున్న ఒక స్త్రీని ఒక యువకుని సైకిలు ఢీకొనగా ఆమె మరణించినది. ఆ సైకిలునకు ముందు బ్రేకు లేదు. 2017 లో అతనికి పదునెనిమిది నెలల శిక్ష పడినది. విధింపబడినది గుఱ్ఱపుబండ్ల కాలమున, 1861 లో చేసిన చట్టము క్రింద! సైకిలువలన మరణించువారు మోటార్లవలన మరణించువారికంటె బహుస్వల్పము. అయినను చనిపోయినవారి యింటికి ఆ లెక్క ఓదార్పు కాజాలదు.

హాలండుదేశము వేఱొక త్రోవ త్రొక్కినది. 1971 లో ఆ చిన్నదేశమున రోడ్డు ప్రమాదములలో సుమారు 3,300 మంది మరణించిరి. వారిలో 400 కు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధులకెక్కిరి. ‘శిశుహత్యను ఆపుడు’ అను పేరుతో 1970 ల యారంభమున గొప్ప ఆందోళన సాగెను. క్రమముగా ఆ దేశమువారు నడచువానికి, సైకిలువానికి, మోటారునకు వేర్వేరు బాటలు వేసిరి. వేరు చేయుటకు వీలులేని ఊరివీధులలో మోటారు వేగమును తగ్గించిరి. బడిపిల్లలకు సైకిలు పరీక్ష పెట్టుటయు అచ్చట ఆచారము. స్థానము కల్పించుట, నేర్పుట, శిక్షించుట అను మూడింటిలో మొదటిదానిని మొదట చేయుటయే వారి విజయరహస్యము.

ఇంగ్లండునందును చివరకు కన్ను తెరచిరి. 2022 జనవరి 29 వ తేదీనుండి అమలులోనికి వచ్చిన మార్పులతో ఆ పాత పెన్నీ పుస్తకము కొత్త న్యాయమును చెప్పుచున్నది: ఎవని వాహనము ఎక్కువ హాని చేయగలదో వానికే ఎక్కువ బాధ్యత. లారీవాడు కారువానిని, కారువాడు సైకిలువానిని, సైకిలువాడు పాదచారిని కాచుకొనవలెను. నడచువారి ప్రక్కనుండి వేగముగా రాసుకొని పోరాదు. గంట కొట్టియో మర్యాదగా పిలిచియో తెలుపవలెను. ఎదుటివాడు చెవిటియో గ్రుడ్డియో కావచ్చునని గుర్తుంచుకొనవలెను. మనుస్మృతి వరుసలో బండికి మొదటి స్థానము; ఈ వరుసలో దానికి చివరి స్థానము. వృద్ధునకు, రోగికి దారి యిమ్మన్న న్యాయము బండికి దారి యిమ్మన్న న్యాయమును గెలిచినదన్నమాట.

తెలుగుదేశమునకు ఈ చరిత్రతో సంబంధము లేకపోలేదు. 1860 నాటి భారతశిక్షాస్మృతి 279 వ సెక్షను ఏ వాహనమునైనను అజాగ్రత్తగా నడుపుటను నేరముగా నెంచినది; 2024 జులై 1 నుండి అదియే భారతీయ న్యాయసంహితలో 281 వ సెక్షనై నిలిచినది. సైకిలును ‘ఏ వాహనమైనను’ అను మాటలోనిదే. ఒకప్పుడు మన పట్టణములలో సైకిలునకు పన్ను కట్టించుకొని రేకుబిళ్ల యిచ్చెడివారు. రాత్రివేళ దీపము లేనివానిని, ఇద్దరెక్కినవానిని పోలీసువారు ఆపెడివారు. బిళ్లలు పోయినవి, దీపములు పోయినవి. నేర్చుకొనుట మాత్రము పాతరీతినే సాగినది. అద్దెసైకిలు తెచ్చి, చట్రము సందున కాలు దూర్చి, అన్నయో తండ్రియో వెనుక సీటు పట్టుకొని పరుగెత్తగా, మోకాళ్లు చెక్కుకొనిపోగా తెలుగుపిల్లలు సైకిలు నేర్చిరి. పడకుండుట నేర్చిరి గాని పోవుట యెవరును నేర్పలేదు. వెనుకకు చూచి మలుపు తిరుగవలెనని, ఎడమప్రక్కనే పోవలెనని, నడచువానికి మూరెడెడము విడువవలెనని చెప్పు బడి లేదు.

మన పల్లెరోడ్లకు కాలిబాటలును లేవు. రోడ్డు అంచున ధాన్యమెండును, పశువులు పోవును, బడిపిల్లలు నడతురు. నడుమ లారీలు పోవును. ఆ రెంటి సందున సైకిలుండును. లారీకి సైకిలువాడు పాదచారివంటివాడు. పాదచారికి సైకిలువాడు లారీవంటివాడు. ఒక్క క్షణముననే బలహీనుడును, బలవంతుడును అగు స్థితి బాటమీద మఱెవ్వరికిని ఇంత తేటగా లేదు. కావున వానికి ధర్మము తెలిసికొనుట సులభము. లారీవానినుండి తాను కోరునదేదో, దానిని నడచుచున్న ముదుసలికి తాను ముందుగా ఈయవలెను. దీపమొకటి, గంటయొకటి, రెండు బ్రేకులు, వీనితో పాటు ఈ వివేకము నున్నచో సైకిలువాడు ఏ బాటమీదనైనను గౌరవమునకు తగినవాడగును. వానికి చోటు కల్పించుట పాలకుల విధి. బాలబాలికలకు సైకిలు కొనియిచ్చు నాడే నడతయు నేర్పుట పెద్దల విధి. పోరంబోకు బాటకు పట్టాదారు లేడు గాని కాపరులు కావలెను. ఆ కాపుదనము దానిమీద నడచు ప్రతివానిది.