గొంగడి భుజాన వేసుకున్న పాట

గొంగడి గొల్లకురుమలది. డప్పు మాదిగలది. కాలి గజ్జె చిందు భాగవతులది. ఈ మూడూ ఊళ్లో మూడు కులాల బతుకుతెరువులు. వాటిని ఒకే ఆట కిందికి, ఒకే పాట కిందికి తెచ్చి, లక్షల మంది ముందు నిలబెట్టినవాడిగా గద్దర్‌ను తలుచుకుంటాం. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూశాక వచ్చిన నివాళుల్లో ఆ గొంతు గురించి చాలా రాశారు. ఆ గొంతు వెనక ఉన్న గొంతుల గురించి రాసింది తక్కువ. గద్దర్‌ను అర్థం చేసుకోవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తెలుగులో ధిక్కార గీతానికి జైలు కొత్త కాదు. తెల్లదొరతనం వద్దన్న పాటకు గరిమెళ్ల సత్యనారాయణ 1922లోనే శిక్ష అనుభవించాడు. అయితే అది ప్రధానంగా చదువుకున్న కవి రాసి జనానికి ఇచ్చిన పాట. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దారి మార్చింది. జనం దగ్గరున్న కళారూపాలనే తీసుకుని వాటిలో కొత్త కథ పోసింది. షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా మోగించాడు. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను నిజాం మీద, దొరల మీద ఎక్కుపెట్టాడు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో బండి యాదగిరి వంటి రైతుబిడ్డలు తామే పాట కట్టారు. పాట కట్టేవాడు, పాడేవాడు, పోరాడేవాడు ఒక్కరే కావడం అక్కడ మామూలు సంగతి అయింది.

ఆ తర్వాతి అంకం శ్రీకాకుళం నక్సలైట్ ఉద్యమానిది. బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఉత్తరాంధ్ర జముకుల కథను ఉద్యమానికి ఇచ్చాడు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆ నేల నుంచే వంగపండు ప్రసాదరావు వచ్చాడు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేస్తూనే ఉత్తరాంధ్ర యాసలో వందల పాటలు కట్టాడు. గద్దర్ రంగం మీదికి వచ్చేనాటికి అటు తెలంగాణ నుంచి, ఇటు ఉత్తరాంధ్ర నుంచి రెండు పాయలు ప్రవహిస్తూ ఉన్నాయి.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో, కూలి చేసుకుని బతికే దళిత కుటుంబంలో 1940ల చివరి ఏళ్లలో పుట్టాడు. తల్లి లచ్చుమమ్మ. హైదరాబాద్‌కు చదువుకోవడానికి వచ్చిన కుర్రాడిని 1969 తెలంగాణ ఉద్యమం వీధిలోకి లాగింది. బి.నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ బృందం ఆయనకు బడి అయింది. ఆ బృందం నుంచే 1972లో జననాట్యమండలి రూపుదిద్దుకుంది. 1913లో అమెరికా పశ్చిమ తీరాన భారతీయ వలసజీవులు పెట్టిన గదర్ పార్టీ పేరే ఆయనకు కలం పేరయింది. 1975లో కెనరా బ్యాంకులో గుమస్తా ఉద్యోగం దొరికింది. పగలు లెక్కల పుస్తకం, రాత్రి పాటల పుస్తకం. 1984లో ఆ ఉద్యోగాన్నీ వదిలేశాడు.

ఆయన పాట పనిచేసే తీరును కాస్త దగ్గరగా చూడాలి. మొదటి పనిముట్టు బాణీ. నాటు పెట్టేటప్పుడు, బిడ్డను ఊయలూపేటప్పుడు, ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు జనం వింటూ పెరిగిన బాణీలనే ఆయన ఎంచుకున్నాడు. బాణీ ముందే తెలుసు కాబట్టి వినేవాడి చెవి మాట మీదే నిలుస్తుంది. రెండోది వంత. గద్దర్ ఒక చరణం విసిరితే పక్కనున్న బృందం అందుకుంటుంది, రెండోసారికి సభ అందుకుంటుంది. మూడోది మాట. పాట మధ్యలో ఆగి, కథ చెప్పి, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మను ఒక ప్రశ్న అడిగి, నవ్వించి, ఆ నవ్వు ఆగకముందే గుండె పిండే చరణంలోకి వెళ్లేవాడు. ఒగ్గు కథకుడికీ బుర్రకథలో హాస్యం చెప్పేవాడికీ తెలిసిన విద్యే ఇది. ఆయన దాన్ని రాజకీయ సభకు తెచ్చాడు. జోలపాట బాణీలో చనిపోయిన కొడుకును తలుచుకుంటే ఏమవుతుందో ఆ సభల్లో కూర్చున్న తల్లులకు తెలుసు.

1978 నుంచి రాడికల్ విద్యార్థులు ‘గ్రామాలకు తరలండి’ అంటూ వేసవి సెలవుల్లో పల్లెబాట పట్టారు. జననాట్యమండలి పాట వాళ్లతో పాటు నడిచింది. ఊరికి పాట చెప్పడానికి వెళ్లినవాళ్లు ఊరి పాట నేర్చుకుని తిరిగొచ్చారు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’ సినిమా 1980లో విడుదలైంది. అందులో గద్దర్ తెర మీద కనిపించి పాడిన పాట ఆయన్ని రాష్ట్రమంతా ఎరిగేలా చేసింది. ఆ పాట కట్టింది మాత్రం బండి యాదగిరి. సాయుధ పోరాట కాలపు పాట మూడు దశాబ్దాల తర్వాత మరో గొంతులో మళ్లీ పుట్టింది.

ఎనభైల మధ్యలో నిర్బంధం పెరిగి, గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. మనిషి కనిపించకపోయినా క్యాసెట్లు ఊళ్లు తిరిగాయి. నిర్బంధం సడలి 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో ఆడిపాడినప్పుడు మైదానం పట్టనంత జనం వచ్చారు. ఆ వెసులుబాటు ఎంతోకాలం నిలవలేదు. జననాట్యమండలి వెనకనున్న నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌పై 1992లో నిషేధం వచ్చింది. ఎన్‌కౌంటర్లలో చనిపోయినవారి శవాలనైనా కన్నవాళ్లకు అప్పగించాలంటూ ఆయన తిరిగాడు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్‌లోని ఇంట్లో ఆయనపై కాల్పులు జరిగాయి. ప్రాణం దక్కింది. ఒక తూటా మాత్రం చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది.

2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగినప్పుడు రచయితలు వరవరరావు, కళ్యాణరావులతో పాటు ఆయన నక్సలైట్ల తరఫున దూతగా ఉన్నాడు. ఆ చర్చలు విఫలమయ్యాయి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మాత్రం ఆయన పాటను మరో తరానికి చేర్చింది. ఆ ఉద్యమపు ఆటపాటల సభలైన ధూంధాం వేదికల మీద కనిపించిన గజ్జె, గొంగడి, డప్పు జననాట్యమండలి నుంచి వచ్చిన వారసత్వమే. 2011లో వచ్చిన ‘జై బోలో తెలంగాణ’ చిత్రంలో ఆయన పాట ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచిపోయింది. విప్లవ పార్టీ గీసిన గీత దాటి రాష్ట్ర సాధన పాటగా మారడంలో ఆయనకు ఇబ్బంది కనిపించలేదు. ఆయన పాత సహచరుల్లో కొందరికి కనిపించింది.

చివరి దశ మీద వాదనలు ఇప్పటికీ ఆగలేదు. ఎన్నికలను బహిష్కరించమని పాడినవాడు 2018లో తొలిసారి ఓటేశాడు. అంబేద్కర్‌ను, రాజ్యాంగాన్ని ఎత్తిపట్టాడు. గుళ్లకు వెళ్లాడు. 2023 జూలైలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీని ఆలింగనం చేసుకున్నాడు. కొందరు దీన్ని పతనమన్నారు, కొందరు పరిణామమన్నారు. నాకు ఇందులో ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన ఎప్పుడూ జనం ఎక్కువగా ఉన్న చోటికే నడిచాడు. పాటగాడిగా అది ఆయన బలం, రాజకీయుడిగా అదే ఆయన బలహీనత.

మరణం తర్వాత కథ ఇంకా వింతగా సాగింది. తూటా దిగిన దేహానికి ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలికారు. దానిపై అభ్యంతరాలూ వచ్చాయి. ఎల్బీ స్టేడియం నుంచి అల్వాల్ దాకా జనం వెంట నడిచారు. నంది అవార్డుల స్థానంలో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరిట సినిమా అవార్డులు పెట్టి, 2025 జూన్‌లో తొలిసారి ఇచ్చింది. అదే ఏడాది పద్మ పురస్కారానికి రాష్ట్రం ఆయన పేరు పంపితే కేంద్రం ఇవ్వలేదు. దానిపై మాటల యుద్ధమే నడిచింది. ఏ ప్రభుత్వమైనా పాటగాడిని తలకెత్తుకోవడం తేలిక, పాటలోని ప్రశ్నకు జవాబివ్వడం కష్టం.

అంతకన్నా నన్ను వెంటాడేది మరో లోటు. జననాట్యమండలి పాటలు సమష్టివి. ఒకరు పల్లవి కడితే మరొకరు చరణం కలిపేవారు. కట్టినవాడి పేరు చెప్పుకోకపోవడం అప్పట్లో ఒక విలువ. నిర్బంధ కాలంలో ఒక రక్షణ కూడా. ఇప్పుడు అదే అలవాటు ఎందరినో మరుగున పడేస్తోంది. యాదగిరి పాటను గద్దర్ పాటగా చెప్పుకునేవాళ్లు ఎందరో. గూడ అంజయ్య, వంగపండు వంటి పేరున్నవారి పాటలకే ఈ అయోమయం తప్పనప్పుడు, డప్పు వాయించి, వంత పాడి, ఊరి బాణీ అందించిన ఆడవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

విగ్రహాలు పెట్టేవాళ్లు పెడతారు. విశ్వవిద్యాలయాల తెలుగు, సంగీత శాఖలు చేయాల్సిన పని వేరే ఉంది. ఆ బృందాల్లో పాడినవాళ్లు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్లకు వయసు మీద పడుతోంది. ఒక్కో పాటను బాణీతో సహా పాడించి రికార్డు చేయాలి. అది ఏ ఊరి పాట నుంచి వచ్చిందో, ఎవరెవరు కట్టారో రాసిపెట్టాలి. గద్దర్ గొంతుకు అంత బలం ఇచ్చింది వెనకనున్న వంతే కదా. ఆ వంత పాడినవాళ్ల పేర్లు కూడా దక్కించుకుంటేనే ఆయన చరిత్ర పూర్తవుతుంది.