షట్టరు ఎత్తితే సరుకొచ్చినట్టేనా?

మొన్న డేటాబేసు పడిపోయినా మా డ్యాష్‌బోర్డు రాత్రంతా పచ్చగానే ఉంది. తప్పు నాదే లెండి, నేను రాసిన హెల్త్ చెక్ "ఉన్నావా?" అని మాత్రమే అడుగుతుంది.

అది పాత ప్రశ్నే. 1983 డిసెంబరులో మైక్ మూస్ పింగ్ రాసి, దానికి సోనార్ చప్పుడు పేరు పెట్టాడు (వైజాగ్ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కినవాళ్ళకి సోనార్ తెలిసే ఉంటుంది). జవాబొస్తే అవతల మిషను ఉన్నట్టు, అంతే. పని చేస్తోందో లేదో దానికి తెలీదు. 2014లో గూగుల్ బయటపెట్టిన కుబర్నెటీస్‌లో ఆ ప్రశ్న రెండయింది: లైవ్‌నెస్ ఫెయిలైతే కంటైనర్ని రీస్టార్టు చేస్తుంది, రెడీనెస్ ఫెయిలైతే ట్రాఫిక్ ఆపేస్తుంది.

మా పూర్ణా మార్కెట్లో షట్టరు ఎత్తినా లారీ రాకపోతే బేరం ఉండదు. షట్టరు దించి మళ్ళీ ఎత్తితే ఉల్లిపాయలొస్తాయా? అందుకే డేటాబేసు చెక్‌ని రెడీనెస్‌లో పెట్టాను. మా లీడేమో లైవ్‌నెస్‌లోనే పెట్టమంటున్నాడు. మీరేమంటారు?