పింక్ ఫ్లాయిడ్ దీర్ఘ గీతాలు

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1967 నుంచి 1977 వరకు రికార్డు చేసిన రచనల్లో దాదాపు పది నిమిషాలు మొదలుకొని ఇరవై ఆరు నిమిషాల దాకా సాగేవి కొన్ని ఉన్నాయి. వాటినే ఆ బృందం దీర్ఘ గీతాలుగా లెక్కిస్తారు. ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’, ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’, ‘ఆటమ్ హార్ట్ మదర్’, ‘ఎకోస్’, ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’, ‘డాగ్స్’ వీటిలో ముఖ్యమైనవి. ఇందులో ఏది ఉత్తమమన్న వాదం రాక్ అభిమానుల్లో అర్ధ శతాబ్దంగా తెగడం లేదు. మూడు నిమిషాల్లో ముగిసే పాటే రేడియోలో నిలుస్తుందని అందరూ నమ్మిన రోజుల్లో ఈ బృందం అంత పొడవైన రచనల వైపు ఎందుకు వెళ్లింది, ఆ పొడవును ఏ పద్ధతిలో నిలబెట్టింది అన్నది తెలిస్తేనే ఆ వాదం సరిగ్గా అర్థమవుతుంది.

తొలి దశ

బృందం 1965లో లండన్‌లో రూపుదిద్దుకుంది. బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్, డ్రమ్స్ వాయించే నిక్ మేసన్, కీబోర్డుల మీద రిచర్డ్ రైట్ ముగ్గురూ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ కోర్సులో కలుసుకున్నారు. సిడ్ బారెట్ కేంబ్రిడ్జ్ నుంచి చిత్రకళ చదువుకోవడానికి లండన్ వచ్చాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపి బృందానికి పేరు పెట్టింది అతనే. మొదట్లో వాళ్లు కూడా అందరిలాగే బ్లూస్ పాటలు వాయించేవారు. 1966 డిసెంబరులో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులో మొదలైన యూఎఫ్‌ఓ క్లబ్బు వాళ్ల దారి మార్చింది. అక్కడ రంగుల దీపాల కింద రాత్రంతా గడిపే శ్రోతలకు పాట ఎప్పుడు ముగుస్తుందన్న తొందర లేదు. ఒక బాణీ అందుకుని పావుగంటైనా అప్పటికప్పుడు అల్లుకుపోయే వీలు బృందానికి దొరికింది.

‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ అలాంటి వాతావరణంలో పెరిగిన రచన. మేనేజరు పీటర్ జెన్నర్ పేరు గుర్తురాని ఒక పాటను కూనిరాగం తీస్తే, బారెట్ దాన్ని గిటార్ మీద వెతుక్కుంటూ వేరే బాణీకి చేరాడన్నది జెన్నర్ చెప్పిన కథ. 1967 జనవరిలో పీటర్ వైట్‌హెడ్ తీసిన డాక్యుమెంటరీ కోసం రికార్డు చేసిన రూపం దాదాపు 17 నిమిషాలు ఉంటుంది. అదే ఏడాది ఆగస్టులో విడుదలైన తొలి ఆల్బమ్ ‘ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్’లోకి వచ్చేసరికి అది పది నిమిషాల లోపుకు తగ్గింది. ఆ ఆల్బమ్ నిర్మాత నార్మన్ స్మిత్ అంతకుముందు బీటిల్స్ రికార్డింగులకు ఇంజనీరుగా పనిచేశాడు. అబ్బీ రోడ్డు స్టూడియోలో ఆయన ఈ వాద్య రచనను రెండుసార్లు వాయింపించి ఒకదాని మీద ఒకటి ఉంచాడు. మొదట బాణీ, తర్వాత స్వేచ్ఛగా అల్లుకోవడం, చివరికి మళ్లీ బాణీ. జాజ్‌లో ఎప్పటి నుంచో ఉన్న ఈ పద్ధతికి మించిన నిర్మాణం ఇందులో లేదు. చారిత్రకంగా దీని విలువ చాలా పెద్దది గాని, ఉత్తమ రచనల వరసలో దీన్ని నిలబెట్టడం కష్టం.

గీసుకున్న సంగీతం

మాదకద్రవ్యాల వాడకం, మానసిక అస్వస్థత వల్ల బారెట్ 1968 వసంతానికల్లా బృందానికి దూరమయ్యాడు. ఆ ఏడాది మొదట్లోనే డేవిడ్ గిల్మోర్ గిటార్ వాద్యకారుడిగా చేరాడు. పాటలు రాసే మనిషి వెళ్లిపోయాడు. మిగిలినవారిలో ఎవరికీ అతనిలా చిన్న పాటను తళుక్కుమనిపించే నేర్పు అప్పటికి లేదు. దీర్ఘ రచన వైపు మళ్లడానికి ఈ లోటే అసలు కారణం. అదే ఏడాది జూన్‌లో వచ్చిన రెండో ఆల్బమ్‌కు పేరిచ్చిన ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’ దీనికి తొలి ఫలం. వాటర్స్, మేసన్ స్వరాలు రాసుకోకుండా కాగితం మీద శిఖరాలు, లోయలు, మలుపులు గీసుకుని దీన్ని కూర్చారని గిల్మోర్ తర్వాత చెప్పాడు. ఆర్కిటెక్చర్ చదువు ఇక్కడ సూటిగా పనికొచ్చింది.

పన్నెండు నిమిషాల ఈ రచనలో మాటలు లేవు. నెమ్మదిగా ముసురుకునే శబ్దాలతో మొదలై, మేసన్ డ్రమ్స్ చుట్టూ పియానో, గిటార్ చేసే గందరగోళంలోకి దిగి, రైట్ ఆర్గన్ మీద తేరుకుని, చివరికి మాటల్లేని బృందగానంగా తేలుతుంది. నార్మన్ స్మిత్‌కు ఇది నచ్చలేదు. అయినా ఆ తర్వాతి ప్రయాణానికి దారి చూపింది ఇదేనని బృంద సభ్యులే ఒప్పుకున్నారు. 1969లో వచ్చిన ‘ఉమ్మగుమ్మ’ డబుల్ ఆల్బమ్‌లో దీని వేదిక రూపం ఉంది. ముగింపులో గిల్మోర్ గొంతు చేరడంతో అది స్టూడియో రూపం కంటే బలంగా వినిపిస్తుంది. ఆ ఆల్బమ్ రెండో రికార్డులో నలుగురూ విడివిడిగా చేసిన ప్రయోగాలు మాత్రం ఎవరి దారి వారిదే అయినప్పుడు ఈ బృందం ఎంత బలహీనపడుతుందో చూపించాయి.

‘ఆటమ్ హార్ట్ మదర్’

ఎల్పీ రికార్డులో ఒక్కో వైపు ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాల సంగీతం పడుతుంది. 1970 అక్టోబరులో విడుదలైన ‘ఆటమ్ హార్ట్ మదర్’ అదే పేరున్న ఆల్బమ్ మొదటి వైపు మొత్తాన్నీ ఆక్రమించింది. గిల్మోర్‌కు తట్టిన, కౌబాయ్ సినిమా సంగీతాన్ని తలపించే ఒక స్వర క్రమం చుట్టూ ఇది పెరిగింది. వాటర్స్, మేసన్ బేస్, డ్రమ్స్ భాగాలను ఇరవై మూడు నిమిషాలకు పైగా ఆపకుండా ఒక్క ఊపున వాయించాల్సి వచ్చింది. కొత్తగా వచ్చిన ఎనిమిది ట్రాకుల టేపును కత్తిరించి అతికించడానికి రికార్డు సంస్థ ఈఎంఐ ఒప్పుకోకపోవడమే ఇందుకు కారణం. లయ అక్కడక్కడా జారిపోవడం ఇప్పటికీ వినిపిస్తుంది.

బృందం అమెరికా పర్యటనకు వెళ్తూ ఈ టేపును స్కాట్లండ్‌కు చెందిన సంగీతకర్త రాన్ గీసిన్ చేతిలో పెట్టింది. ట్రంపెట్లు, ట్రోంబోన్ల వంటి బ్రాస్ వాద్యాలకు, చెల్లోకు, బృందగానానికి ఆయన స్వరాలు రాశాడు. స్టూడియోలో బ్రాస్ వాద్యకారులకూ ఆయనకూ పొసగకపోవడంతో కోయిర్ నిర్దేశకుడు జాన్ ఆల్డిస్ ఆ పని చేపట్టి రికార్డింగు గట్టెక్కించాడు. ‘ది అమేజింగ్ పుడింగ్’ అన్న తాత్కాలిక పేరుతో తిరిగిన ఈ రచనకు అసలు పేరు ఒక వార్తాపత్రిక శీర్షిక నుంచి వచ్చింది. అణుశక్తితో నడిచే పేస్‌మేకర్ అమర్చుకున్న ఒక తల్లి గురించిన వార్త అది. అట్ట మీద బృందం పేరు లేకుండా ఒక్క ఆవు బొమ్మ మాత్రమే ఉన్న ఈ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. పింక్ ఫ్లాయిడ్‌కు ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ సినిమా కోసం స్టాన్లీ కుబ్రిక్ దీన్ని అడిగితే బృందం ఇవ్వలేదు.

విచిత్రం ఏమిటంటే, ఈ రచనను అందరికంటే ఎక్కువగా తీసిపారేసింది దాన్ని చేసినవాళ్లే. గిల్మోర్, వాటర్స్ ఇద్దరూ తర్వాతి ఇంటర్వ్యూల్లో దీన్ని చెత్త కింద జమకట్టారు. ఆ తీర్పు అన్యాయమైనది. బృందగానం నెమ్మదిగా పైకి లేచే భాగం వాళ్లు చేసిన మంచి సంగీతంలో ఒకటి. లోపం అతుకుల్లో ఉంది. ఒక భాగం నుంచి మరో భాగానికి వెళ్లే కారణం సంగీతంలోంచి పుట్టదు, బయటి నుంచి తెచ్చి పెట్టినట్టుంటుంది. 2008లో లండన్‌లోని కడోగన్ హాల్లో గీసిన్ దీన్ని మళ్లీ ప్రదర్శించినప్పుడు ఒక రాత్రి గిల్మోర్ స్వయంగా వచ్చి వాయించాడు.

‘ఎకోస్’

1971 జనవరిలో బృందం చేతిలో కొత్త పాటలేవీ లేకుండా అబ్బీ రోడ్డు స్టూడియోకు వెళ్లింది. తోచిన ప్రతి చిన్న ముక్కనూ రికార్డు చేసి, వాటికి ‘నథింగ్’ అని పేరు పెట్టి వరసగా అంకెలు వేసింది. ఆ ముక్కల్లో ఒకటి రైట్ వాయించిన ఒంటి పియానో స్వరం. దాన్ని తిరిగే లెస్లీ స్పీకర్ గుండా పంపితే నీళ్లలో జలాంతర్గామి పంపే సంకేతంలా మారింది. ఆ ఒక్క ధ్వని నుంచే ‘ఎకోస్’ మొదలవుతుంది. ఏప్రిల్ నుంచి దీన్ని వేదికల మీద వాయిస్తూ సరిదిద్దుకుంటూ, లండన్‌లో పదహారు ట్రాకుల సౌకర్యమున్న వేరే స్టూడియోల్లో రికార్డింగు పూర్తి చేశారు. 1971 శరదృతువులో వచ్చిన ‘మెడిల్’ ఆల్బమ్ రెండో వైపంతా ఇదే, ఇరవై మూడున్నర నిమిషాలు.

వాటర్స్ మొదట గ్రహాల గురించి సాహిత్యం రాశాడు. తమను అంతరిక్ష సంగీతకారులుగా ముద్రవేయడం ఇష్టం లేక దాన్ని సముద్రం అడుగుకు మార్చి, చివరికి ఇద్దరు అపరిచితులు ఎదురుపడి ఒకరిలో ఒకరు తమనే చూసుకునే చోటికి తెచ్చాడు. ఆ చరణాలను గిల్మోర్, రైట్ జంటగా పాడారు. ఇద్దరి గొంతులూ విడదీయలేనంతగా కలిసిపోవడం ఈ పాటకు ప్రాణం. చరణాల తర్వాత లయ ప్రధానంగా సాగే ఒక సుదీర్ఘ వాద్య భాగం వస్తుంది. అది గాలి హోరులోకి కరిగిపోయాక సముద్రపక్షుల అరుపుల్లాంటి కేకలు వినిపిస్తాయి. గిల్మోర్ వా-వా పెడల్‌ను తీగలు తారుమారు చేసి తగిలించినప్పుడు పుట్టిన ధ్వని అది. ఈ భాగంలో తాళం లేదు, బాణీ లేదు. తొందరపడే శ్రోత ఇక్కడే పాటను వదిలేస్తాడు. కాని ఆ శూన్యంలోంచి మళ్లీ ఆ ఒంటి పియానో స్వరం పైకి వచ్చి, ఆర్గన్, డ్రమ్స్ ఒక్కొక్కటే చేరి, చివరి చరణం దగ్గర తెరుచుకోవడంలోని బలం ఆ శూన్యం లేకపోతే రాదు. నథింగ్ ముక్కలు ఒకదానికొకటి సంబంధం లేనివిగా పుట్టాయన్న గుర్తు కూడా పూర్తయిన రచనలో మిగలలేదు.

1973లో వచ్చిన సర్ఫింగ్ చిత్రం ‘క్రిస్టల్ వాయేజర్’ చివరి ఘట్టం మొత్తానికీ దీన్నే వాడుకున్నారు. కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ ఆఖరి ఘట్టంతో ఇది సరిగ్గా సరిపోతుందని అభిమానులు చెప్పుకుంటారు గాని, ఉద్దేశంతో చేసింది కాదని బృందం స్పష్టం చేసింది.

బారెట్ కోసం ఒక రచన

1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ను ఈ జాబితాలో చేర్చాలా అన్నది పాత తగాదా. అందులో చిన్న పాటలు ఒకదానిలోంచి ఒకటి ప్రవహిస్తాయి. దాన్ని ఒకే గీతం అనడం కంటే, ‘ఎకోస్’లో నేర్చిన కూర్పును ఆల్బమ్ మొత్తానికి అన్వయించారనడం సబబు.

‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ 1974లో ఒక రిహార్సల్లో గిల్మోర్ చేతికి తగిలిన నాలుగు గిటార్ స్వరాల నుంచి పుట్టింది. ఆ స్వరాల్లోని దిగులు వాటర్స్‌కు బారెట్‌ను గుర్తుచేసింది. తొమ్మిది భాగాలు, మొత్తం సుమారు 26 నిమిషాలు. మాట వినిపించే ముందు ఎనిమిది నిమిషాలకు పైగా రాగాలాపనలా తాపీగా విప్పుకుంటూ పోయే సంగీతమే ఉంటుంది. 1975 సెప్టెంబరులో వచ్చిన ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్‌లో వాటర్స్ దీన్ని రెండుగా చీల్చి మొదటా చివరా పెట్టాడు. ఒక వైపంతా ఒకే రచనగా ఉంచాలన్న గిల్మోర్ మాట నెగ్గలేదు. ఆ ఏడాది జూన్ 5న బారెట్ ముందుగా చెప్పకుండా స్టూడియోకు వచ్చాడు. గుండు చేయించుకుని లావైపోయిన అతన్ని పాత మిత్రులే చాలాసేపు గుర్తుపట్టలేకపోయారు. రైట్ ఒక్కడే కూర్చిన చివరి భాగం ముగిసేటప్పుడు బారెట్ రాసిన పాత పాట ‘సీ ఎమిలీ ప్లే’ బాణీ లీలగా మెరుస్తుంది.

‘డాగ్స్’

1977 జనవరిలో వచ్చిన ‘యానిమల్స్’లో పది నిమిషాలు దాటిన రచనలు మూడున్నాయి. జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫార్మ్’ నుంచి ప్రేరణ పొందిన ఈ ఆల్బమ్‌ను ఇస్లింగ్టన్‌లోని తమ సొంత స్టూడియో బ్రిటానియా రోలో రికార్డు చేశారు. 1974 నుంచి వేదికల మీద ‘యూ హావ్ గాట్ టు బీ క్రేజీ’ పేరుతో వాయిస్తున్న పాటే ఇక్కడ 17 నిమిషాల ‘డాగ్స్’ అయింది. వ్యాపార ప్రపంచంలో పక్కవాడి గొంతు కొరికి పైకి వచ్చి, చివరికి ఒంటరిగా ముసలివాడయ్యే మనిషి కథ ఇది. మొదటి సగం గిల్మోర్, చివరి సగం వాటర్స్ పాడారు. పంక్ సంగీతం లండన్ వీధుల్లో ఇలాంటి పొడవైన రచనలను వెక్కిరిస్తున్న ఏడాదిలో, కోపంలో పంక్‌కు ఏమాత్రం తీసిపోని దీర్ఘ గీతం రావడం గమనించదగ్గది. గిల్మోర్ గిటార్ వాదన ఇంత కసిగా మరెక్కడా వినిపించదు.

దీని తర్వాత వాటర్స్ ‘ది వాల్’తో కథ నడిపే చిన్న పాటల వైపు మళ్లాడు. ఆయన బృందం విడిచి వెళ్లిపోయాక వచ్చిన ‘సారో’, ‘హై హోప్స్’ తొమ్మిది నిమిషాలు కూడా దాటలేదు.

ఉత్తమ రచన ఏది

వాదం సాధారణంగా మూడు వైపులుగా చీలుతుంది. సైకెడెలిక్ కాలాన్ని ప్రేమించేవారు ‘సాసర్‌ఫుల్’ తర్వాత ధైర్యం తగ్గిందంటారు. సాహిత్యానికి విలువిచ్చేవారు ‘డాగ్స్’ను ముందుంచుతారు. భావోద్వేగం కోరేవారికి ‘షైన్ ఆన్’ను మించింది లేదు. అయితే ‘షైన్ ఆన్’ను ముక్కలుగా విడదీసినా ప్రతి ముక్కా నిలబడుతుంది, ఆల్బమ్‌లో చీలి ఉండటమే అందుకు సాక్ష్యం. ‘డాగ్స్’ మధ్యలో సింథసైజర్ మీద సాగే భాగం అవసరానికి మించి నిలిచిపోతుంది. ‘ఎకోస్’ సంగతి వేరు. 2001లో ఇదే పేరుతో వచ్చిన సంకలనంలో దీన్ని దాదాపు పదహారున్నర నిమిషాలకు కుదించారు. ఆ రూపం విన్నవారికి ఏదో పోయిందని వెంటనే తెలుస్తుంది. భాగాలు తీసేస్తే కూలిపోయే కూర్పే దీర్ఘ గీతానికి గీటురాయి అనుకుంటే, మొదటి స్థానం ‘ఎకోస్’దే, రెండోది ‘డాగ్స్’ది.

రైట్ 2008 సెప్టెంబరులో మరణించాక, అతను లేకుండా ‘ఎకోస్’ పాడలేనని గిల్మోర్ మానేశాడు. మేసన్ మాత్రం 2018లో నెలకొల్పిన తన కొత్త బృందంతో దాన్ని తిరిగి వేదిక ఎక్కించాడు. 1971 అక్టోబరులో పాంపేయి శిథిలాల మధ్య ప్రేక్షకులు లేని రంగస్థలంలో ఆడ్రియన్ మేబెన్ చిత్రీకరించిన రూపంలో ‘ఎకోస్’ రెండు సగాలుగా సినిమా మొదట్లో, చివర్లో వస్తుంది. ఆ చిత్రాన్ని పునరుద్ధరించి 2025 ఏప్రిల్‌లో థియేటర్లలో మళ్లీ విడుదల చేశారు.