పిడుగుకు ముందు మంచు

మే నెల, మధ్యాహ్నం మూడు దాటింది. శింగనమల చెరువు కట్ట మీద నిలబడితే మట్టి సెగ చెప్పుల్లోంచి అరికాళ్లకు తగులుతోంది. కొండల వెనక మోడం లేస్తోంది. అడుగు నల్లగా ఉంది, తల ఇంకా పెరుగుతూనే ఉంది. కట్ట దిగువన గొర్రెలు మేపుతున్న తాత ఒకసారి పైకి చూశాడు.

ఇక్కడ 40 డిగ్రీల ఎండ. మీ నెత్తి మీద, 5 కిలోమీటర్లు దాటితే చాలు, నీరు గడ్డకట్టే చలి. ఇంకా పైన, మైనస్ 10, మైనస్ 20 డిగ్రీల మధ్య అసలు పని మొదలైంది. సన్నటి మంచు పలుకుల్ని గాలి ఎగదోస్తోంది. చలికి గడ్డకట్టని నీటి బిందువుల్ని ఒంటికి అంటించుకుని బరువెక్కిన మెత్తని మంచు గింజలు ఆ పలుకుల్ని గుద్దుకుంటున్నాయి. ఆ రాపిడిలో సాధారణంగా గింజకు ఋణావేశం, పలుకుకు ధనావేశం అంటుతాయి. తేలికవి మోడం తలకెక్కుతాయి, బరువైనవి నడుము దగ్గరే ఆగుతాయి. పిడుగుకు కావలసిన సరంజామా అదే.

ఇక్కడికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, శ్రీహరికోటలో డాప్లర్ రాడార్ తిరుగుతోంది. దానికి కరెంటు కనబడదు, మంచు కనబడుతుంది. నేల వంపు వల్ల, అర డిగ్రీ ఎత్తున వదిలిన కిరణం శింగనమలకు వచ్చేసరికి 7 కిలోమీటర్ల పైనుంచి పోతుంది. మోడం అడుగు దానికి అందదు. కానీ ఆవేశాలు విడిపోయేది సరిగ్గా ఆ ఎత్తులోనే! అయితే ఒక డిగ్రీ వెడల్పున్న కిరణం ఇంత దూరానికి 5 కిలోమీటర్లు విప్పారి, లోపలి వివరమంతా కలిసిపోతుంది. ఈ కరువు సీమకు దగ్గర్లోనే రాడార్ ఉండి తీరాలని నేను గట్టిగా అనేది అందుకే. తిరుపతి దగ్గరి గాదంకిలో 1024 యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్ తన నెత్తి మీది గాలి పైకి ఎంత వేగంతో పోతోందో కొలవగలదు. ఆ గాలే మంచును మోసేది.

మైనస్ 10 డిగ్రీల ఎత్తులో రాడార్ ప్రతిధ్వని 40 డీబీజెడ్‌కు (ప్రతిధ్వని బలానికి కొలమానం) చేరిందంటే, తొలి మెరుపుకు చాలాసార్లు పది ఇరవై నిమిషాలే గడువు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. వాన కోసం ఏడాదంతా చూసే ఊళ్లో ఆ పది నిమిషాలు ప్రాణమంత విలువైనవి.

మోడం లోపల వెలుగు. లెక్కపెట్టండి. పదిహేను సెకన్లకు ఉరుము, అంటే 5 కిలోమీటర్లు.

తాత మనవడు చింతమాను వైపు ఉరుకుతున్నాడు.

“రేయ్, మాను కిందికి పోవద్దురా! గొర్రెల్ని ఇడిసిపెట్టి మిద్దింట్లోకి పా!”

రెండో మెరుపు. తొమ్మిది సెకన్లకే ఉరుము. 3 కిలోమీటర్లు. పిల్లాడు మళ్లుకున్నాడు, తాత వెనకే పరుగు. మీరూ కట్ట దిగండి.