గోధుమ దాగిన చోట్లు

1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ జీ సీలియాక్ వ్యాధిపై ఒక వ్యాసం ప్రచురించాడు. ఎడతెగని విరేచనాలతో, ఉబ్బిన పొట్టతో చిక్కిశల్యమయ్యే పిల్లల వర్ణన అది. ఈ రోగం కుదిరితే పథ్యంతోనే కుదరాలని ఆయన గ్రహించాడు. ఏ పథ్యమో అంతుపట్టలేదు. రోజూ డచ్ ఆల్చిప్పల మాంసం తిని కోలుకున్న ఒక బిడ్డ, వాటి కాలం ముగియగానే మళ్ళీ నీరసించింది. పిండిపదార్థాలు తగ్గించమన్న జీ, రెండువైపులా బాగా కాల్చిన పలుచని రొట్టెను మాత్రం అనుమతించాడు. దోషి పళ్ళెంలోనే మిగిలిపోయింది.

1924లో న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ రొట్టె, ధాన్యాలు, బంగాళాదుంపలు మాన్పించి అరటిపండ్లు పెట్టాడు. పిల్లలు కోలుకున్నారు. కీర్తి అరటిపండుకు దక్కింది. మానిన రొట్టెను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

తీసుకున్నవాడు హేగ్ నగరంలోని పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె. 1944–45 చలికాలపు కరవులో రొట్టె కరవై, ఈ పిల్లలు తేరుకోవడం చూసి ఆయనకు సత్యం తట్టిందని కథగా చెబుతారు. నిజానికి ఆ అనుమానం 1930లలోనే మొదలైంది. కరవు దానికి బలం చేకూర్చింది. గోధుమ పెట్టినప్పుడు మలంలో పోయే కొవ్వు పెరుగుతుందనీ, మానితే తగ్గుతుందనీ కొలతలతో 1950 నాటి సిద్ధాంత గ్రంథంలో చూపాడు. పిండిని కడిగి గంజిపదార్థాన్నీ జిగురునూ వేరుచేసి పరీక్షించిన బర్మింగ్‌హామ్ బృందం, 1952లో ఆ జిగురే, అంటే గ్లూటెనే, కారణమని తేల్చింది.

దోషి పేరు తెలిశాక మిగిలింది, అది దాగిన చోట్లు వెతకడం. అమెరికాలో 2004 నాటి చట్టం పొట్లంపై గోధుమ పేరు చెప్పి తీరాలంది. యవలు, రై ఆ జాబితాలో లేవు; కనుక ‘గోధుమ లేనిది’ అన్నంత మాత్రాన గ్లూటెన్ లేనిది కాదు. యవల మాల్టు అందులో ఉండవచ్చు. ‘గ్లూటెన్ రహితం’ అని రాయాలంటే పది లక్షల పాళ్ళలో గ్లూటెన్ 20 పాళ్ళకు లోపే ఉండాలని 2013లో నిబంధన వచ్చింది.

అన్నం, ఇడ్లీ తినే తెలుగు ఇంటికి ఈ పథ్యం సులువనిపిస్తుంది. కాని అంగడిలో దొరికే ఇంగువపొడిలో చాలావాటికి మైదా కలుపుతారు. చారుకు వేసే చిటికెడు పోపుకు కూడా, ముందుగా డబ్బా వెనుక రాసిన చిన్న అక్షరాలు చదవాలి.