చెంచుల విల్లు

శాకుంతల ప్రథమాంకమును పాఠము చెప్పునపుడెల్ల నాకొక సందేహము తోచుచుండును. దుష్యంతుడు రథమెక్కి లేడిని తఱుముచు వచ్చును. ఆశ్రమవాసులు చేతులెత్తి వారింతురు. రాజు బాణమును దించును. లేడి బ్రతికినది, రాజునకు కీర్తి కలిగినది, నాటకము సాగినది. కాని యా రాజు లేడిని చంపియున్నను, నాడాతని యింట పొయ్యి వెలుగుటకు దానితో నిమిత్తము లేదు. రఘువంశమున దశరథుని వేటయు నట్టిదే. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున, మహాకావ్యమునందు వర్ణింపదగినవానిలో మృగయను జేర్చెను. మనువు దానిని కామజములైన పది వ్యసనములలో నుంచెను. కౌటిల్యుడు మాత్రము జూదముకంటె వేట మేలనియు, దానివలన దేహమునకు వ్యాయామమును, కదలు గుఱిని గొట్టు నేర్పును, భయక్రోధములందు మృగముల చిత్తవృత్తి నెఱుగుటయు గలుగుననియు వాదించెను. వర్ణించినవారును, నిందించినవారును, మెచ్చినవారును రాజు వేటనే తలచిరి. ఆకలికై వేటాడువాని మాట యడిగినవారు తక్కువ.

ఆ మాట యడుగుటకు మనము దూరము పోనక్కఱలేదు. వనపర్తి నుండి నాగరుకర్నూలు, అచ్చంపేటలు దాటి మన్ననూరు మీదుగా కొండ నెక్కినచో అమరాబాదు పీఠభూమి వచ్చును. దక్షిణమున కృష్ణానది కొండలను లోతుగా కోసికొని పాఱును. అదియే నల్లమల యుత్తర భాగము. అందు పెంటలని పిలువబడు చిన్న గుడిసెల గుంపులలో చెంచులు తరతరములుగా నివసించుచున్నారు. శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లయ్య యని పిలిచికొను చనువు వారిది.

వీరి జీవితమును శ్రద్ధతో పరిశీలించి గ్రంథస్థము చేసినవారిలో ముఖ్యుడు వియన్నా నగరమునందు 1909లో జన్మించిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. రెండవ ప్రపంచ యుద్ధారంభమున నాతడు శత్రుదేశీయుడుగా నెంచబడి హైదరాబాదు రాజ్యమున నుండవలసి వచ్చెను. ఆ నిర్బంధమే మనకు మేలయినది. 1940లో భార్యతోకూడ అమరాబాదు పెంటలలో నివసించి, తాను చూచినది వ్రాసి, 1943లో చెంచులను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. మన యింటి వెనుకనున్న కొండమీది మనుష్యులను గూర్చి తెలిసికొనుటకు మనము వియన్నా పండితుని పుస్తకమును తెఱవవలసి వచ్చుట యించుక సిగ్గుగా నుండును. కాని నిజమునకు సిగ్గుపడి లాభమేమి?

ఇక వేట సంగతి. వేసవిలో వేట యొకవిధమున కష్టము, మఱియొకవిధమున సులభము. ఆకు రాలి యెండి నేలయంతయు పఱచుకొనియుండును. అడుగు వేసిన చప్పుడగును. చెట్లు మోడులగుటచే దాగుటకు చాటు తక్కువ. కాని వాగులెండి నీరు మడుగులలో మాత్రమే నిలుచును గనుక మృగము అచ్చటికి రాక తప్పదు. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూవు రాలును. ఆ తీపిపూవులకై దుప్పులు, కణుతులు చెట్టుక్రిందికి జేరును. కొండముచ్చులు కొమ్మలపై మేయుచు జాఱవిడుచు కాయలకును దుప్పులు మూగును. కావున నేర్పరి మృగమును తఱుమడు. అది వచ్చు తావు నెఱిగి ముందుగా మాటువేయును. దుష్యంతుని రథము ఈ కంపపొదలలో పది బారలైన సాగదు.

మాటువేసినవాడు మొదట చూడవలసినది గాలి. తనవైపు నుండి మృగమువైపు వీచినచో నా దినము వృథా. మధ్యాహ్నపు వడగాలి నిలుకడ లేనిది. వేకువయు మునిమాపును మేలు. చేతిలోని బాణపు ములికి యినుపది. చెంచులు ఇనుమును కరగించువారు గారు గనుక దానికై మైదానపు కమ్మరి నాశ్రయించిరి. అడవిబిడ్డ యనబడువానికిని ఊరితో నింత ముడి యున్నది. అట్టి విల్లు దూరమునకు నమ్మదగినది గాదు. మృగము ముప్పది గజముల లోపలికి, పక్కవాటుగా నిలిచిన గాని వదలరాదు. అల్లె మ్రోగినంతనే బెదరి దుప్పి వంగును. బాణము వీపు మీదుగా పోవును. ఇట్టి తప్పులతో నెన్నియో దినములు గడచిన పిమ్మట నొకనాడు గుఱి తగులును.

తగిలినను పని ముగియలేదు. బాణము తుపాకిగుండువలె నక్కడికక్కడ కూల్చునది కాదు. నెత్తురు కాఱి మృగము సొమ్మసిల్లవలెను. తొందరపడి వెంబడించినచో నది ప్రాణభీతితో చాల దూరము పోవును. కావున వేటకాడు గుండె దడదడలాడుచున్నను కొంతసేపు కదలక కూర్చుండును. తరువాత ఆకులపై నెత్తుటి చుక్కలను, నలిగిన గడ్డిని, గిట్టల జాడను పట్టుకొని పోవును. మండుటెండకు రాతినేలపై నా చుక్కలు త్వరలోనే నల్లబడి ఎండుటాకుల రంగులో కలిసిపోవును. వెంట కుక్క యున్నచో గొంత సాయము. నేను పిల్లలకు అక్షరములు చదువుట నేర్పి జీతము పుచ్చుకొనువాడను. ఇది చదువు గాదనుటకు నాకు నోరాడదు.

మృగము దొరకిన తరువాత మాంసములో చిన్న తునకను కాల్చి గారెల మైసమ్మకు నివేదింతురు. అడవికిని వేటకును ఆమె యధిదేవత. పిమ్మట మాంసమును పెంటలోనివారు పంచుకొందురు. ఒక్కడు కొట్టినదానిని అందఱు తినుట వారికి దానధర్మము గాదు. రేపు తనకు దొరకనినాడు తానును తినవలెను గదా.

ఇచ్చట చదువరులు పొరపడరాదు. చెంచులు మాంసముతోనే బ్రతికిరని మైదానపువారి తలపు. హైమెన్‌డార్ఫ్ చూచినది వేఱు. వారి పొట్ట నింపినవి ముఖ్యముగా అడవి దుంపలు, కాయలు, పండ్లు. స్త్రీలును పురుషులును ప్రొద్దున బయలుదేరి ఇనుపమొన గల కోలతో గట్టినేలను త్రవ్వి తెచ్చుకొనినదే నిత్యాహారము, దుప్పిమాంసము పండుగవంటిది. అయినను విల్లునకే కథలు పుట్టినవి. త్రవ్వుకోలను గూర్చి యే కవియు పద్యము చెప్పినట్లు నాకు కనబడలేదు. ఇంటిలో దినదినము జరుగు పనికి పేరు రాకుండుట అడవిలోను నట్లే యున్నది కాబోలు!

కావ్యములను మాత్ర మీ విషయమున పూర్తిగా తప్పుపట్టరాదు. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యమున బోయబాలుడైన తిన్నని వేటను, శివుని కాతడు పెట్టిన మాంస నైవేద్యమును ఆదరముతో వర్ణించెను. నేటి జోగులాంబ గద్వాల జిల్లావాడైన సురవరము ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో, ఇట్టి వర్ణనలనుండియే జనుల జీవితమును వెలికిదీయవచ్చునని చూపెను. శ్రీశైలాలయ ప్రాకారముపై విజయనగరకాలపు శిల్పులు చెక్కిన వేట దృశ్యములును చూడదగినవి.

మైదానమునుండి కొండకు తుపాకి వచ్చెను. ఆఱవ నిజాము మహబూబలీఖాను పులివేటలో పేరువడసినవాడు. పాలమూరునకు మహబూబునగరమని పేరు వచ్చినది ఆతని పేరనే. షికారు వినోదమునకై పోయినవారి తుపాకులకును, ఆకలికై మాటువేసినవాని విల్లునకును అడవిమీద పడిన భార మొక్కటి గాదు. అయినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రెంటిని నిషేధించెను. 1978లో నాగార్జునసాగరు-శ్రీశైలము అభయారణ్య మేర్పడెను. 1983లో నది పులుల సంరక్షణ పథకమున జేరెను. రాష్ట్ర విభజన తరువాత అమరాబాదు వేఱు పులుల రక్షితారణ్యమయ్యెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము తేనె, దుంపలు మొదలగు ఫలసాయమును అడవి జనుల హక్కుగా నంగీకరించి, వేటను మాత్రము స్పష్టముగా మినహాయించెను. దుప్పి లేనిచో పులి లేదు గనుక నిషేధము తగినదే యని నా యభిప్రాయము. కాని యడవిని తుపాకులతో గుల్లచేసినవారి మనుమలు నేడు వాహనములలో పులిని చూడవచ్చుచుండగా, విల్లు విడిచినవాని కందుకు ప్రతిగా నేమి యిచ్చితిమో లెక్క చెప్పవలసిన బాధ్యత మనదే.

నదికి దక్షిణమున అహోబిలములో నేటికిని సంక్రాంతికి పార్వేట ఉత్సవము మొదలగును. చెంచులక్ష్మిని వరించిన నరసింహుడు అత్తవారిని పెండ్లికి పిలుచుటకై నలుబది దినములకు పైగా ముప్పదికి మించిన గ్రామములు తిరుగునని కథ. బయలుదేరునపుడు చెంచులు వచ్చి, అల్లుని పల్లకిపై మర్యాదగా బాణములు వేయుదురు.